మెదడు రక్తనాళానికి ఏ స్టెంట్ మంచిది?

ప్రశ్న: డాక్టరు గారికి నమస్కారం. మాది తెనాలి. మా నాన్నకి 62 ఏళ్లు, రైస్ మిల్లులో గుమస్తాగా చేసి మానేశారు. పదహారు రోజుల కిందట పొద్దున్నే కాఫీ తాగుతుంటే కుడి చేతిలోంచి గ్లాసు జారిపోయింది. మూతి వంకరపోయింది, మాట ముద్దగా వచ్చింది. గుంటూరు తీసుకెళ్లేసరికి మధ్యాహ్నం అయింది. ఇప్పుడు నడుస్తున్నారు, మాట వచ్చింది, చొక్కా గుండీలు మాత్రం పెట్టుకోలేకపోతున్నారు. యాంజియో చేసి, మెదడులో ఎడమవైపు పెద్ద నాళం 80 శాతం సన్నబడిందన్నారు. ఒక డాక్టరు వెంటనే మందు పూత ఉన్న స్టెంట్ వేయించమన్నారు. ఇంకొకరు మందులు చాలన్నారు. డల్లాస్‌లో ఉన్న మా తమ్ముడు, అమెరికాలో అనుమతి ఉన్నది తనంతట తాను విచ్చుకునే స్టెంట్‌కి, అదే వేయించమంటున్నాడు. నాన్నకి బీపీ, షుగర్ ఉన్నాయి. బీపీ మాత్ర తల తిరిగినప్పుడే వేసుకునేవారు. సిగరెట్లు నలభై ఏళ్ల అలవాటు. స్టెంట్ కోసం అర ఎకరం అమ్మకానికి పెట్టాం. ఏ స్టెంట్ మంచిదో చెప్పండి. ఇంకో మాట, తగ్గితే అలిపిరి నుంచి మెట్లెక్కి వస్తానని నాన్న మొక్కుకున్నారు. ఎక్కనివ్వొచ్చా? – ఒక కూతురు

జవాబు: అమ్మా, ముందు ఆ అర ఎకరం బేరం ఆపండి. మీరు రాసిన వివరాల్ని బట్టి చూస్తే మీ నాన్నగారికి ఇవాళ్టికి ఏ స్టెంటూ అక్కర్లేదు. మందులు చాలన్న డాక్టరుగారి మాటే నా మాట కూడా. యాంజియో సీడీ నేను చూడలేదు, ఆయన్ని పరీక్ష చేయలేదు. అందుకని ఎందుకు వద్దంటున్నానో, ఏ పరిస్థితిలో నా మాట మార్చుకుంటానో వివరంగా రాస్తాను. ఇది మీ డాక్టరుగారి ముందు పెట్టి మాట్లాడండి.

స్టెంట్ ఎప్పుడు ఆలోచించాలి? మందులు సరిగ్గా వాడుతున్నా మళ్లీ స్ట్రోక్ వచ్చినప్పుడు. మీ నాన్నగారి విషయంలో మందులు పనిచేయలేదు అనడానికి లేదు. అసలు ఆయన మందులు వాడలేదు కదమ్మా! బీపీ మాత్ర తల తిరిగినప్పుడు వేసుకుంటే అది వేసుకోనట్టే. మొదటి స్ట్రోక్ వచ్చిన మనిషికి, వైద్యం ఇంకా మొదలే కాని మనిషికి, పదహారో రోజున మెదడు నాళంలోకి తీగ పంపాలంటే చాలా గట్టి కారణం ఉండాలి.

గుండెకి స్టెంట్ వేస్తే మూడోరోజు ఇంటికొచ్చి తిరుగుతున్నారు కదా, మెదడుకి ఎందుకు కాదు అని అందరూ అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. మీ నాన్నగారి నాళం ఆరోగ్యంగా ఉన్నప్పుడు వెడల్పు సుమారు 3 మిల్లీమీటర్లు ఉంటుంది. 80 శాతం సన్నబడిందంటే మిగిలిన దారి 0.6 మిల్లీమీటర్లు. పిల్లలు వాడే మైక్రోటిప్ పెన్సిల్‌లో ములుకు 0.5 దీ, 0.7 దీ ఉంటాయి చూడండి, ఆ రెంటికీ మధ్య అన్నమాట. ఒకటి తీసి వేళ్ల మధ్య పట్టుకుని చూస్తే పని ఎంత సున్నితమో తెలుస్తుంది. పైగా గుండె నాళం గట్టి కండరాన్ని ఆనుకుని ఉంటుంది. మెదడు నాళం మెదడు చుట్టూ ఉండే నీటిలో తేలుతూ ఉంటుంది, గోడ పలచన, గుండె నాళాల గోడకుండే సాగే బయటి పొర దీనికి ఉండదు. చిరిగితే రక్తం నేరుగా మెదడు చుట్టూ చేరుతుంది.

ఇంకో ఇబ్బంది మీ తెనాలి కాలువల్లో చూసిందే. పెద్ద కాలువకి పక్కన చిన్న చిన్న తూములుంటాయి, వాటిలోంచి బోదెల్లోకి, బోదెల్లోంచి మడికి నీరు పోతుంది. ఎవరైనా కాలువలో పూడికని తోడి బయట పోయకుండా అటూ ఇటూ గట్లకేసి నెట్టేశారనుకోండి. కాలువ నిండుగా పారుతుంది, తూములు మాత్రం మూసుకుపోతాయి, మడి ఎండుతుంది. మీ నాన్నగారి ఆ నాళం నుంచి కూడా వెంట్రుకల్లాంటి కొమ్మలు మెదడు లోతుల్లోకి వెళ్తాయి. కాలూ చేయీ ఆడించే నరాల దారులు అక్కడే ఉన్నాయి. స్టెంట్ కొవ్వు పూడికని గోడకేసి నొక్కినప్పుడు ఆ కొమ్మల మూతులు మూసుకుపోవచ్చు. యాంజియో ఫొటోలో నాళం అందంగా తెరుచుకుని కనిపిస్తుంది, మనిషి మాత్రం చేయి ఎత్తలేడు. ఇది ఏ రకం స్టెంట్‌కైనా ఉన్న ప్రమాదమే.

ఇక మీరడిగిన రకాల సంగతి. తమ్ముడు చెబుతున్నది నిటినాల్ అనే లోహంతో అల్లిన వలగొట్టం. దాన్ని సన్నటి గొట్టంలో ముడిచి లోపలికి పంపుతారు. ముందు బెలూన్‌తో దారి కొంచెం వెడల్పు చేసి, ఆ బెలూన్ తీసేసి, అదే తీగ మీద స్టెంట్‌ని తీసుకెళ్లి విడుస్తారు. అది మెల్లగా విచ్చుకుంటుంది. మెత్తగా వంగుతుంది కాబట్టి మలుపులున్న నాళాల్లోకి తేలిగ్గా వెళ్తుంది. కానీ రెండు విడతల పని. బెలూన్ వెనక్కి లాగి స్టెంట్ పంపేటప్పుడు తీగ కొస అటూ ఇటూ కదిలితే దూరంగా ఉన్న సన్నని నాళాన్ని గుచ్చే ప్రమాదం ఉంది.

రెండోది బెలూన్ మీదే బిగించి వచ్చే స్టెంట్. గుండెకి వేసేవి ఇలాంటివే. బెలూన్ ఉబ్బిస్తే స్టెంట్ విచ్చుకుంటుంది, ఒకే విడతలో పని అయిపోతుంది, నాళం కూడా బాగా తెరుచుకుంటుంది. ఇది బిరుసుగా ఉంటుంది. మెడ నుంచి మెదడులోకి వెళ్లే దారి మెలికలు తిరిగి ఉంటే అంతదూరం వెళ్లదు, బలవంతంగా తోస్తే నాళానికి దెబ్బ. ఈ రకంలోనే మందు పూత లేనివి, ఉన్నవి అని రెండున్నాయి. పూతలోని సిరోలిమస్ లాంటి మందు, స్టెంట్ లోపల కండ పెరిగి మళ్లీ దారి మూసుకుపోకుండా చూస్తుంది.

మందు పూత నిజంగా పనిచేస్తుందా అంటే, ఆ ఒక్క విషయంలో చేస్తుంది. చైనాలో 263 మంది మీద నోవా అనే పరీక్ష చేసి 2022లో ఫలితాలు ప్రచురించారు. ఏడాది తిరిగేసరికి మామూలు స్టెంట్ వేసినవారిలో 30.2 శాతం మందికి నాళం మళ్లీ సన్నబడింది, మందు పూత స్టెంట్ వేసినవారిలో 9.5 శాతం మందికి మాత్రమే. నెల దాటాక ఏడాదిలోపు అదే నాళం వల్ల స్ట్రోక్ వచ్చినవారు 6.9 శాతం, 0.8 శాతం. ఈ లెక్కలు చూసే మీ మొదటి డాక్టరుగారు మందు పూత స్టెంట్ అని ఉంటారు. ఆయన చెప్పిందాంట్లో తప్పు లేదు. స్టెంట్ వేయక తప్పని మనిషికి, నాళం తిన్నగా ఉంటే, నేనూ దాన్నే ఇష్టపడతాను.

అయితే ఆ పరీక్షలో పోటీ రెండు స్టెంట్ల మధ్య. అసలు స్టెంట్ వేయకుండా మందులతో ఉన్నవాళ్లు అందులో లేరు. పైగా మొదటి 30 రోజుల ప్రమాదాన్ని మందు పూత తగ్గించలేదు. మందు పూత వాళ్లలో 7.6 శాతం, మామూలు వాళ్లలో 5.3 శాతం మందికి ఆ నెలలోనే స్ట్రోకో మరణమో జరిగింది. ఆ తేడా నమ్మదగినంత పెద్దది కాదు, కానీ తగ్గిందని చెప్పే వీలు మాత్రం లేదు. పూత చేసే మేలు నెలల తర్వాత కనిపిస్తుంది. వేసే రోజున ఉండే ప్రమాదం వేసే రోజున ఉండనే ఉంటుంది.

మందులతో పోల్చిన పరీక్షల దగ్గరికి వస్తే లెక్క తిరగబడుతుంది. తమ్ముడికి ఇది చదివి వినిపించండి. అమెరికాలో శాంప్రిస్ అనే పెద్ద పరీక్ష జరిగింది. అతను చెబుతున్న విచ్చుకునే స్టెంట్, వింగ్‌స్పాన్ పేరుది, దాన్నే వాడారు. 451 మంది, అందరికీ నాళం 70 నుంచి 99 శాతం సన్నబడింది, అందరికీ నెలలోపు స్ట్రోకో మినీ స్ట్రోకో వచ్చింది. అంటే మీ నాన్నగారి లాంటివాళ్లే. మొదటి 30 రోజుల్లో స్ట్రోకో మరణమో స్టెంట్ వేసినవారిలో 14.7 శాతం, గట్టిగా మందులు ఇచ్చినవారిలో 5.8 శాతం. స్టెంట్ వల్ల నష్టం జరుగుతోందని 2011 ఏప్రిల్‌లో కొత్తవారిని చేర్చుకోవడం ఆపేశారు. మూడేళ్ల దాకా గమనించినా ఆ తేడా పూడలేదు. బెలూన్ మీద బిగించిన స్టెంట్‌తో చేసిన విస్సిట్ పరీక్షలోనూ మందులవైపే మొగ్గు కనిపించింది. దాని ఫలితాలు 2015లో వచ్చాయి. అంటే స్టెంట్ రకం మార్చినంత మాత్రాన జాతకం మారలేదు.

ఆ తర్వాత జనం నేర్చుకున్నారు. తొందరపడకూడదు, సరైన మనిషిని ఎంచుకోవాలి, అనుభవం ఉన్న చేతులే వేయాలి అని. చైనాలో క్యాసిస్ పరీక్షలో చివరి లక్షణం వచ్చి మూడు వారాలు దాటినవారినే తీసుకున్నారు, చేయి తిరిగిన డాక్టర్లే వేశారు. 2022లో ఫలితం చూస్తే, నెలలోపు స్ట్రోకో మరణమో, ఆ తర్వాత ఏడాదిలోపు అదే నాళం వల్ల స్ట్రోకో వచ్చినవారు స్టెంట్ వైపు 8 శాతం, మందుల వైపు 7.2 శాతం. నష్టం తగ్గింది, లాభం మాత్రం రాలేదు. అంత జాగ్రత్తగా చేసినా మందుల్ని మించలేదంటే, పదహారో రోజున హడావుడి ఎందుకమ్మా?

తమ్ముడు చెప్పిన అనుమతి నిజమే. 2005లో వచ్చింది. శాంప్రిస్ తర్వాత 2012లో దాన్ని బాగా కుదించారు. రెండు లేదా అంతకంటే ఎక్కువసార్లు స్ట్రోక్ వచ్చి ఉండాలి, గట్టిగా మందులు వాడుతున్నా వచ్చి ఉండాలి, చివరి స్ట్రోక్ వచ్చి వారం దాటాలి, మనిషి బాగా కోలుకుని ఉండాలి, నాళం 70 నుంచి 99 శాతం సన్నబడి ఉండాలి. ఈ షరతులన్నీ పాటించి 152 మందికి వేసిన వీవ్ అనే అధ్యయనంలో మొదటి 72 గంటల్లో స్ట్రోకో మరణమో 2.6 శాతం మాత్రమే. అదే స్టెంట్, మనుషుల్ని ఎంచుకునే పద్ధతి మారింది. మీ నాన్నగారికి వచ్చింది ఒకటే స్ట్రోక్, మందులు వాడలేదు. డల్లాస్‌లో ఉన్నా ఆయన ఆ అనుమతి కిందికి రారు.

స్టెంట్ లేకుండా బెలూన్ ఒక్కటే మెల్లగా, నాళం వెడల్పు కంటే తక్కువకే ఉబ్బించి తీసేసే పద్ధతి కూడా ఉంది. 2024లో వచ్చిన బేసిస్ పరీక్షలో 501 మంది మీద చూస్తే, ఏడాదిలో స్ట్రోక్, మరణం, మళ్లీ నాళం తెరవాల్సి రావడం లాంటివన్నీ కలిపి బెలూన్ వైపు 4.4 శాతం, మందుల వైపు 13.5 శాతం. ఇన్నేళ్లలో మందుల్ని మించిందని గట్టిగా చెప్పిన మొదటి పెద్ద పరీక్ష ఇదే. దీని మీద నాకు ఆశ ఉంది. కాకపోతే బెలూన్ చేసినవారిలో 14.5 శాతం మందికి నాళం లోపలి పొర చీలింది. ఇంకో పరీక్ష వేరే దేశంలోనూ ఇదే మాట చెబితే నా జవాబు మారొచ్చు. ఇప్పటికి దీన్ని మందులు ఓడినప్పుడు వాడుకోవాల్సిన దారిగానే చూస్తున్నాను.

మరి నేనెప్పుడు స్టెంట్ వైపు వస్తాను? మాత్రలన్నీ తప్పకుండా వేసుకుంటూ, బీపీ, కొలెస్ట్రాల్ అదుపులో ఉండి, అయినా అదే నాళం వల్ల మళ్లీ చేయి పడిపోతే. లేదా లేచి నిలబడిన ప్రతిసారీ, బీపీ కాస్త తగ్గిన ప్రతిసారీ మాట తడబడుతుంటే, అంటే రక్తం చాలక మెదడు ఎండుతుంటే. అప్పుడు కూడా ఒక ప్రశ్న ఉంటుంది. మొదటి స్ట్రోక్ ఎందుకొచ్చింది? చిన్న కొమ్మ మూతి మూసుకుపోయి వచ్చిందా, పూడిక మీది ముక్క ఊడి ముందుకు కొట్టుకుపోయి వచ్చిందా, రక్తం చాలక వచ్చిందా? ఎంఆర్ఐలో మచ్చలున్న చోటుని బట్టి చాలావరకు చెప్పొచ్చు. కొమ్మ మూసుకుపోయి వచ్చినదైతే స్టెంట్ వల్ల ఒరిగేది తక్కువ, పోయేది ఎక్కువ. మీ డాక్టరుగారిని ఈ ప్రశ్న తప్పకుండా అడగండి. అలాగే, ఇప్పటిదాకా మెదడు లోపలి నాళాలకి ఎన్ని స్టెంట్లు వేశారు, ఎంతమందికి ఇబ్బంది వచ్చింది అని కూడా అడగండి. మొహమాటపడకండి, మంచి డాక్టరు ఆ ప్రశ్నకి కోప్పడరు. గుండె స్టెంట్ల సంఖ్య చెబితే అది జవాబు కాదు.

ఎప్పటికైనా వేయాల్సి వస్తే రకాన్ని నాళమే చెబుతుంది. దారి తిన్నగా ఉండి, సన్నబడిన చోటు పొట్టిగా ఉంటే బెలూన్ మీద బిగించినది, వీలైతే మందు పూతది. మెలికలుంటే, సన్నబడిన చోటు పొడుగ్గా ఉంటే, ముందూ వెనకా వెడల్పు తేడాగా ఉంటే విచ్చుకునేది. చైనాలోనే 300 మందికి ఇలా నాళాన్ని బట్టి స్టెంట్ ఎంచి వేసినప్పుడు నెలలో ప్రమాదం 4.3 శాతానికి పరిమితమైంది. మన దగ్గర గుండెకి వాడే మందు పూత స్టెంట్‌నే మెదడు నాళానికి కూడా వేస్తుంటారు. అది తప్పేమీ కాదు, కానీ ముందే చెప్పి వేయాలి. 2017 ఫిబ్రవరిలో గుండె స్టెంట్లకి ప్రభుత్వం గరిష్ఠ ధర పెట్టింది. కాబట్టి వేయబోయేది గుండె స్టెంటా, మెదడుకని చేసినదా, కంపెనీ ఏది, ధర ఎంత అని కాగితం మీద రాయించుకోండి.

ఇప్పుడు అసలు వైద్యం. ఇక్కడ మీ పని చాలా ఉందమ్మా. ఇలాంటి నాళానికి మామూలుగా ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ రెండూ కలిపి 90 రోజుల వరకు, తర్వాత ఒక్కటి జీవితాంతం ఇస్తాం. మోతాదు మీ డాక్టరుగారు రాసిందే వాడండి. గ్యాస్ మాత్ర ఏదిచ్చారో చూడండి. ఒమెప్రజోల్, ఎసోమెప్రజోల్ అయితే క్లోపిడోగ్రెల్ పనిని తగ్గిస్తాయి, మార్చమని అడగండి. మన ఆసియా వాళ్లలో పుట్టుకతోనే క్లోపిడోగ్రెల్ సరిగ్గా పనిచేయని శరీరతత్వం చాలామందికి ఉంటుంది. దానికి పరీక్ష ఉంది, ప్రత్యామ్నాయ మందులూ ఉన్నాయి. కొలెస్ట్రాల్‌కి స్టాటిన్ గట్టి మోతాదులో వాడి చెడ్డ కొలెస్ట్రాల్‌ని 70 లోపుకి తేవాలి. రిపోర్టులో పక్కన నార్మల్ అని 100 వేసి ఉంటుంది, దాన్ని చూసి మాత్ర ఆపకండి. బీపీ పై అంకె 140 లోపు ఉండాలి, మెల్లగా తగ్గాలి, ఒక్కసారిగా పడిపోకూడదు. సిగరెట్టు పూర్తిగా మానాలి. రోజుకి రెండే అంటే ఒప్పుకోకండి. శాంప్రిస్‌లో మందుల వైపు వాళ్లు గెలిచింది మాత్రలతోనే కాదు, ఫోన్ చేసి నడిచారా, సిగరెట్టు మానారా, బరువెంత అని వెంటపడి అడిగే మనిషిని ప్రతి ఒక్కరికీ పెట్టారు. ఆ మనిషి మీ ఇంట్లో మీరే అవ్వాలి. డల్లాస్ నుంచి తమ్ముడు రోజూ వీడియో కాల్‌లో బీపీ అంకె అడిగితే, అంతకంటే పెద్ద సాయం ఉండదు.

ఒక విషయం చెప్పకుండా ఉండలేను. చాలా ఏళ్ల కిందట మేం స్టెంట్ వేసిన ఒకాయన పన్ను నొప్పితో దగ్గర్లో ఎవరి దగ్గరికో వెళ్లారు. రక్తం ఆగదని చెప్పి రెండు మాత్రలూ ఆపించారు. ఐదో రోజు రాత్రి స్టెంట్‌లో గడ్డ కట్టి తీసుకొచ్చారు. మాట తిరిగి రాలేదు. ఆయన చీటీ మీద మాత్రలు ఎవరు ఆపమన్నా ముందు నాకు ఫోన్ చేయండి అని నేను రాసి ఉండాల్సింది. అప్పటినుంచి ప్రతి చీటీ మీదా ఎర్ర ఇంకుతో రాస్తున్నాను. మీరు కూడా నాన్నగారి మాత్రల డబ్బా మూత మీద ఆ మాట రాసి అంటించండి. స్టెంట్ లేకపోయినా ఈ జాగ్రత్త వర్తిస్తుంది.

మళ్లీ మూతి వంకరపోయినా, చేయి జారినా, మాట తడబడినా, చూపు పోయినా, కాసేపట్లో తగ్గిపోయినా సరే, 108కి ఫోన్ చేయండి. గడ్డ కరిగించే ఇంజెక్షన్‌కి నాలుగున్నర గంటల గడువు. పోయినసారి పొద్దున మొదలైతే మధ్యాహ్నానికి చేరారు, ఈసారి ఆ ఆలస్యం వద్దు. సీటీ స్కాన్ ఉండి, 24 గంటలూ ఆ ఇంజెక్షన్ ఇచ్చే ఆసుపత్రి మీకు దగ్గర్లో ఏదో ఈ వారంలోనే కనుక్కుని నంబరు గోడ మీద రాసిపెట్టండి.

గుండీల సంగతి దిగులు పడకండి. రోజూ ఒక పాత చొక్కా ఒళ్లో పెట్టుకుని పెట్టడం, విప్పడం అరగంట చేయించండి. ఫిజియోథెరపీ వాళ్లు ఇంకా నేర్పుతారు. మొదటి మూడు నెలల్లోనే చెయ్యి ఎక్కువగా తిరిగొస్తుంది.

ఇక మొక్కు. ఈ మూడు నెలలు మెట్లు వద్దు. దాదాపు 3,550 మెట్లు, ఎండ, చెమట, ఖాళీ కడుపు, ఇవన్నీ కలిస్తే ఒంట్లో నీరు తగ్గి, బీపీ పడి, ఆ 0.6 మిల్లీమీటర్ల దారిలో రక్తం ఇంకా తగ్గుతుంది. అదే కారణానికి ఏకాదశి ఉపవాసాలు కూడా ఆపించండి, నీళ్లు తరచూ తాగించండి. రోజూ సాయంత్రం నెమ్మదిగా అరగంట నడిపించండి. మూడు నెలల తర్వాత బీపీ, షుగర్, కొలెస్ట్రాల్ చూసి, డాక్టరుగారు సరేనంటే బస్సులో కొండకి తీసుకెళ్లండి. తలనీలాలు ఇచ్చి దర్శనం చేసుకుని రావచ్చు. మెట్ల మాట ఏడాది తర్వాత చూద్దాం. మాత్రలు పెద్ద సంచిలో సర్దకండి, కాటేజీలోనో లాకర్‌లోనో ఉండిపోతుంది. క్యూలో ఎంతసేపు పడుతుందో తెలియదు కదా, రెండు పూటల మాత్రలు నాన్నగారి చొక్కా జేబులో పెట్టండి.